పొంగరాని అప్పడం

మా సంస్థ అప్పడాలు అమ్ముతుంది. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే కథ సగంలోకి వచ్చేసరికి మీకు ఆ విషయంలో అనుమానం రావచ్చు. మాకే వచ్చింది.

పూర్తి పేరు రాష్ట్ర అప్పడాల, వడియాల అభివృద్ధి సంస్థ. ఆఫీసు కాకినాడలో. నేను అందులో నాణ్యతా విభాగం సూపరింటెండెంటుని, పేరు పళ్ళంరాజు. విభాగం అంటే నేనూ, ఓ గ్యాసు పొయ్యీ, ఓ మూకుడూ. కేంద్రాల నుంచి వచ్చిన కట్టల్లోంచి ఒక్కో అప్పడం తీసి వేయించడం, కొరకడం, బాగుందనో లేదనో రాయడం, ఇదీ నా ఉద్యోగం. పెళ్ళిచూపుల్లో మా మావగారు "అబ్బాయి ఆఫీసులో ఏం చేస్తాడు" అని అడిగితే మా నాన్న మాట మార్చేశాడు. అయినా సరే, నాకీ ఉద్యోగమంటే ప్రాణం.

కేంద్రాలంటే, ఊళ్ళల్లో ఆడవాళ్ళు కొంతమంది చేరి అప్పడాలు వత్తే చోట్లు. సంస్థ మినప్పప్పు ఇస్తుంది, వత్తినవి కొనుక్కుంటుంది. అన్నిట్లోకీ సామర్లకోటలో పేరంటాలుగారి కేంద్రం దారి వేరు. ఆవిడ అప్పడం మూకుట్లో వెయ్యడమే తరువాయి, గరిటె తిప్పేలోపు పొంగి అంచులకి తగిలేది. నోట్లో పెట్టుకుంటే కరకరమని ఒక్క మాట చెప్పి మాయమైపోయేది. ఆ కట్ట వచ్చిన రోజున నేను ఒకటికి నాలుగుసార్లు పరీక్ష చేసేవాణ్ణి. పనిలో అలసత్వం నాకు గిట్టదు.

ఇలా మా పొయ్యి మేం వెలిగించుకుంటూ ఉండగా కొత్త ఎం.డి. గారు వచ్చారు. డాక్టర్ జ్ఞానసుందరం గారు. ఏ డాక్టరో ఎవరూ అడగలేదు, నాడి మాత్రం చూసేశారు. వచ్చిన వారంలోనే అందర్నీ కూర్చోబెట్టి మా జబ్బేమిటో చెప్పారు.

"మన సంస్థకి అప్పడం ఉంది. అస్తిత్వం లేదు."

మేం తలలూపాం. లేదని అప్పటిదాకా మాకు తెలీదు.

"బోర్డు మీద అక్షరాలు ఒకలా ఉన్నాయి. ప్యాకెట్టు మీద ఇంకోలా ఉన్నాయి. వెబ్‌సైటులో మరోలా ఉన్నాయి. అక్షరం అంటే సంస్థ ముఖం. మనకి రోజుకో ముఖం. జనం మనల్ని ఎలా గుర్తుపడతారు?"

"అప్పడం తిని గుర్తుపడుతున్నారండి," అన్నాను నేను.

పరిపాలనాధికారి లింగమూర్తిగారు బల్లకింద నా కాలు తొక్కారు. లింగమూర్తిగారి ఉద్యోగం ముఖ్యంగా అదే.

అక్షర రూప ఎంపిక సంఘం ఒకటి ఏర్పడింది. హైదరాబాదు నుంచి ఓ డిజైను కంపెనీ అమ్మాయి వచ్చింది, హిమజ అని. నెమ్మదస్తురాలు, పని తెలిసిన పిల్ల. తెరమీద రకరకాల ఫాంట్లలో 'అప్పడాలు' అని రాసి చూపించింది.

"ఇదైతే ఫోన్లో చిన్నగా ఉన్నా చదవడానికి బాగుంటుంది సార్. ఇదైతే ప్యాకెట్టు మీద దూరం నుంచి కనిపిస్తుంది. కొనేవాళ్ళు ఎక్కడ చూస్తారో, ఎంత దూరంలో చూస్తారో ఆలోచించుకుని..."

"అది తీసేసి నా పేరు కొట్టమ్మా," అన్నారు ఎం.డి. గారు.

ఆ పిల్ల ఓసారి ఆయన్నీ, ఓసారి తెరనీ చూసి, అన్ని ఫాంట్లలోనూ జ్ఞానసుందరం అని కొట్టింది. ఆయన ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళారు. ఇది పొట్టిగా ఉంది. ఇది మరీ పలచగా ఉంది. ఇది కిరాణా కొట్టులా ఉంది. అలా అలా చివరికి 'జాజితీగ' అనే ఫాంటు వచ్చింది. పేరుకి తగ్గట్టే ప్రతి అక్షరానికీ నాలుగేసి మెలికలు. అందులో ఆయన పేరులో మొదటి అక్షరం తొండం ఎత్తిన ఏనుగులా నిలబడింది. ఎం.డి. గారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇది అక్షరం కాదు. మన సంస్థ ఆత్మ."

"ఈ అక్షరాల్లో మీ పేరు చూస్తుంటే నోరూరుతోంది సార్," అన్నారు లింగమూర్తిగారు. తీర్మానం ఏకగ్రీవం.

"ఇది పెళ్ళి శుభలేఖలకి బాగుంటుంది సార్," అని హిమజ ఏదో చెప్పబోయింది. ఆ మాటని ప్రశంసల కింద రాసుకున్నారు.

ఇక చూడండి. ముందు లోగో మారింది. ఓ గుండ్రటి గీతలో జాజితీగ 'అ'. ఆ మెలికల మధ్య అది 'అ' అని చెబితే గాని తెలీదు, చెప్పాక కాదనడానికి ధైర్యం చాలదు. తర్వాత వెబ్‌సైటు. ప్రారంభోత్సవం నాడు కొబ్బరికాయ కొట్టి మరీ తెరిచాం. నా ఫోన్లో చూస్తే ముగ్గుల పుస్తకం తెరిచినట్టుంది. 'కొనండి' అనే బటను ఎక్కడుందో అరగంట వెతికాను, చివరికి అంచు డిజైను అనుకున్నదే అది. నెల తిరిగేసరికి వెబ్‌సైటులో ఆర్డర్లు పూర్తిగా ఆగిపోయాయి. నేను సంతాపం ప్రకటిద్దామనుకునేలోపు లింగమూర్తిగారు నివేదిక చదివారు.

"సార్, ఇదివరలో ఓ మనిషి మన సైటులో ఒక నిమిషం ఉండి పోయేవాడు. ఇప్పుడు పదేసి నిమిషాలు ఉంటున్నారు."

"అక్షర సౌందర్యం," అన్నారు ఎం.డి. గారు తృప్తిగా. "వదిలి వెళ్ళలేకపోతున్నారు."

ఆ తర్వాత ఆఫీసులో పేర్ల పలకలు మారాయి. జాజితీగలో లావు అక్షరాలు అధికారులకి, మధ్యరకం సూపరింటెండెంట్లకి, సన్నవి గుమాస్తాలకి. కాంట్రాక్టు వాళ్ళకి అంచు గీత మాత్రమే, లోపల బోలు. పోస్టు ఖాయమయ్యాక లోపల నింపుతారట. మా టైపిస్టు వెంకటలక్ష్మి వచ్చేపోయేటప్పుడల్లా తన ఖాళీ పేరు వంక చూసుకుని ముక్కు చీదేది. మధ్యరకం పలక ఒకటి నా బల్లమీదా పెట్టారు. నా పేరు చదవలేక జనం నా బల్లని క్యాంటీన్ అనుకుని టీ అడిగేవారు. పోనీలెద్దూ, ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు.

నష్టం ఓ బిస్కట్టు వల్ల వచ్చింది.

ఓ సాయంత్రం ఎం.డి. గారు టీలో బిస్కట్టు ముంచబోయి ఆగారు. బిస్కట్టు మీద దాని కంపెనీ పేరుంది. దాన్ని కాసేపు తేరిపార చూసి, "బిస్కట్టుకి ఉన్నపాటి గౌరవం మన అప్పడానికి లేదా?" అన్నారు. ఇంకేం, వారంలోపల చెక్క అచ్చులు వచ్చాయి. పచ్చి అప్పడం మీద పాలకూర రసంతో జాజితీగ 'అ' ముద్ర వెయ్యాలి. వేశాం. నిజం చెప్పొద్దూ, పచ్చి అప్పడం మీద చూడ్డానికి బాగానే ఉంది.

తొలి ముద్ర అప్పడాన్ని ఎం.డి. గారి ఎదుట వేయించే భాగ్యం నాది. మంచి పని కదా అని పేరంటాలుగారి కట్టలోంచి తీశాను. అదే నేను చేసిన తెలివితక్కువ పని. నూనెలో పడగానే అది మామూలుగానే ఒళ్ళు విరుచుకుని పొంగింది. 'అ' తల ఓ బుడగ మీదికెక్కింది, తోక ఇంకో బుడగ కిందికి పోయింది, నడుం పగిలింది. మా సంస్థ ఆత్మ బోర్లా పడుకున్న పిల్లిలా తేలింది.

లోగో ఎలా వాడాలో హిమజ రాసిచ్చిన నియమావళిని ఎం.డి. గారు తెప్పించి, లేచి నిలబడి చదివారు. "సంస్థ చిహ్నమును సాగదీయరాదు. వంచరాదు. ఉబ్బించరాదు. విరగగొట్టరాదు." ఈ నాలుగూ ఒక్కసారే చేసేదాన్నే మనం అప్పడం అంటాం. ఆ మాట నేను పైకి అనలేదు, లింగమూర్తిగారి కాలు దగ్గర్లోనే ఉంది.

హిమజకి ఫోన్ చేశారు. ఆ పిల్ల కంగారుపడి, "సార్, అది కాగితం మీద అచ్చువేసే వాళ్ళ కోసం రాసింది. అప్పడానికి కాదు," అంది.

"నిబంధనకి కాగితమనీ నూనె అనీ తేడా ఉండదమ్మా," అన్నారు ఎం.డి. గారు.

మర్నాడు సర్క్యులర్ వచ్చింది.

"ఇందుమూలముగా సమస్త కేంద్రములకు తెలియజేయునది ఏమనగా, సంస్థ చిహ్నము గల అప్పడము వేయించునపుడు గానీ, వేయించిన పిదప గానీ పొంగరాదు. పొంగినచో సదరు అప్పడము అక్షర ధిక్కారముగా పరిగణించబడును. ముమ్మారు రుజువైనచో సదరు కేంద్రము గుర్తింపు రద్దు చేయబడును."

నా పరీక్ష విధానమూ మారింది. రుచి అనే గడి తీసేసి, అక్షర వికృతి అనే గడి పెట్టారు. వేయించకముందు స్కేలుతో కొలవాలి, వేయించాక కొలవాలి, రెండు ఫొటోలు జతచెయ్యాలి.

"సార్, రుచి ఎక్కడ రాయమంటారు?" అని అడిగాను.

"రుచి వ్యక్తిగతం రాజుగారూ. అక్షరం సంస్థాగతం."

అప్పట్నుంచి నేను అప్పడాలు కొరకడం మానేసి కొలవడం మొదలెట్టాను. స్కేలుకి నూనె అంటుకుని జారిపోయేది. నా జీవితంలో అంత దిక్కుమాలిన పని ఇంకోటి చెయ్యలేదు.

ఆ పరీక్షల్లో జగ్గంపేట గంగిశెట్టి కేంద్రం మొదటి స్థానంలో నిలిచింది. గంగిశెట్టి మంచివాడే గాని అతని అప్పడాన్ని నేను తిప్పికొట్టని నెల లేదు. పాత పిండి, మందంగా వత్తుడు, అరకొర ఎండ. నూనెలో వేస్తే పెంకుముక్కలా మునిగి, తర్వాత ఆలోచించుకుని తేలేది. ఒక్క బుడగ రాదు. 'అ' ఎలా వెళ్ళింది అలా వచ్చింది. సభ పెట్టి, శాలువా కప్పి, ఉత్తమ అక్షర రక్షక కేంద్రం అని షీల్డు ఇచ్చారు.

సభ అయ్యాక గంగిశెట్టి షీల్డు చంకన పెట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"రాజుగారండీ, దాపరికం లేకుండా చెప్పండి. మా అప్పడం బాగుపడిందాండీ?"

"లేదు."

"మరి ఇదేంటండీ?"

"పొంగనందుకు."

అతను బుర్ర గోక్కున్నాడు. "ఏనాడూ పొంగలేదు కదండీ. ఇన్నాళ్ళూ ఇవ్వలేదేం?" అని నన్నే తప్పుపట్టినట్టు చూసి వెళ్ళిపోయాడు.

ఇక పేరంటాలుగారి అప్పడం మొదటిసారి పొంగింది, రాశాను. రెండోసారి పొంగింది, రాశాను. ఫొటోలు ఉన్నాయి కాబట్టి అబద్ధం ఆడే వీల్లేదు. ఆ రెండో కాగితం మీద సంతకం పెట్టిన రోజున అన్నం సయించలేదు. మూడోసారి గాని పొంగిందా, ఇరవైమంది ఆడవాళ్ళ చేతుల్లో పని పోతుంది. ఊరుకోలేక సామర్లకోట బయల్దేరాను.

పేరంటాలుగారి కేంద్రం అంటే ఆవిడ పెంకుటింటి వసారా. ఆడవాళ్ళంతా పీటల ముందు కూర్చుని అప్పడాల కర్రలు ఆడిస్తున్నారు. ఇంగువ వాసన వీధి మొగదాకా వస్తోంది. పేరంటాలుగారు లావుపాటి మనిషి, పెద్ద బొట్టు, పెద్ద గొంతు.

"ఏటి బాబూ, కాయితం వచ్చింది. మా అప్పడం చేదొచ్చిందా?"

"లేదమ్మా."

"మాడిందా?"

"లేదు. పొంగింది."

"పొంగితే?"

"పొంగకూడదు."

ఆవిడ నా మొహం వంక చూసి, లోపలికి కేకేసింది. "ఒసే సూరమ్మా, రాజుగారికి ఎండదెబ్బ తగిలినట్టుంది, మజ్జిగ పట్రా." మజ్జిగ తాగి, విషయమంతా మళ్ళీ మొదట్నుంచి చెప్పాను. ఆవిడకి అర్థమయ్యేసరికి నవ్వింది. గుర్తింపు రద్దు అనేసరికి నవ్వు ఆగిపోయింది.

"సంస్థ వద్దన్న అప్పడం బయటెవడు కొంటాడు బాబూ? ఏదో పాడు ఉంది కాబట్టే వద్దన్నారంటారు. వీళ్ళందరికీ నేనేం చెప్పను? ఆ నాగమణి కూతురు ఇదే డబ్బుల్తో నర్సు చదువుతోంది."

"అందుకే వచ్చానమ్మా. కాస్త చెడగొట్టండి," అన్నాను. నాణ్యతా విభాగం సూపరింటెండెంటు నోటమ్మట వచ్చిన మాట ఇది. నాకే సిగ్గేసింది.

చెడగొట్టడానికి ప్రయత్నించారు పాపం. పిండి తక్కువ దంచారు. మందంగా వత్తారు. ఒకావిడ సగం ఎండినవే తెచ్చింది. వేయించి చూశాం. ఏదో ఓ మూల బుడగ లేవనే లేచింది. మందంగా వత్తుదామని మొదలెట్టినా, మాటల్లో పడగానే వాళ్ళ చేతులు వాటంతటవే పలచగా వత్తేస్తున్నాయి.

పేరంటాలుగారు కర్ర పక్కన పడేసింది. "నా వల్ల కాదు బాబూ. రేపు మా మనవడు తింటూ ఇదెవరు చేశారే అంటే నేనని చెప్పుకోలేను. రద్దు చేస్తే చేసుకోమనండి." గట్టిగానే అంది గాని, కళ్ళు కొంగుతో ఒత్తుకుంది. నాకు కడుపు మండిపోయింది. ఎవరిమీద మండాలో తెలీక బస్సెక్కాను.

మూడో పరీక్ష ఆ వసారాలోనే జరుగుతుందని, ఎం.డి. గారే స్వయంగా వస్తారని, మిగతా కేంద్రాల వాళ్ళు కనువిప్పు నిమిత్తం హాజరు కావాలని ఉత్తర్వు వచ్చింది. గంగిశెట్టి షీల్డుతో సహా వచ్చాడు, తెమ్మన్నారట. హిమజ కూడా వచ్చింది, ఫొటోలు తియ్యడానికి. లింగమూర్తిగారు రద్దు ఉత్తర్వు ముందే టైపు కొట్టించి తెచ్చారు. జాజితీగలో కాబట్టి అది రద్దో శుభలేఖో ఎవరికీ తెలీలేదు.

నేను స్కేలు పట్టుకుని నిలబడ్డాను. పేరంటాలుగారు ముద్ర అప్పడం నూనెలో వేసింది. మనసులో నేను మొక్కని దేవుడు లేడు. అప్పడం ఓ క్షణం ఊరుకుంది. తర్వాత నిండుగా, ఎప్పటికంటే ఓ పాలు ఎక్కువగా పొంగి కూర్చుంది. 'అ' ఎటు పోయిందో వెతికినా కనిపించలేదు.

"వికృతి సంపూర్ణం," అన్నారు ఎం.డి. గారు.

పేరంటాలుగారు మూకుడు దించి, "మధ్యాన్నం అయిపోయింది. వేళకొచ్చినోళ్ళు రెండు ముద్దలు తినెళ్ళండి," అంది. తనకే రద్దు ఉత్తర్వు వస్తున్నా సరే, గుమ్మంలోకి వచ్చినవాడికి అన్నం పెట్టకపోతే ఆవిడకి తోచదు. ఎం.డి. గారికి ఆకు వేశారు. ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ. పక్కన, ఇంకేం చెయ్యాలో తెలీక, ఆ పరీక్షకొచ్చిన అప్పడమే పెట్టారు.

ఆయన ఈ సంస్థకి వచ్చిన దగ్గర్నుంచీ అప్పడాల్ని కొలిపించారే గాని, ఒక్కదాన్నీ కొరికి ఎరగరు. పప్పన్నంలో ఓ ముద్ద తిని, అలవాటుగా అప్పడం తుంచి నోట్లో పెట్టుకున్నారు.

కరకరమంది.

ఆయన నమలడం ఆపారు. అప్పడం వంక చూశారు. రెండో ముక్క పెట్టుకున్నారు. మూడోది పెట్టుకోబోయి, చుట్టూ నిలబడ్డ మా అందర్నీ చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. కాసేపు ఆలోచించారు. నా సర్వీసులో ఓ అధికారి అంతసేపు ఆలోచించడం నేను చూళ్ళేదు.

"లింగమూర్తిగారూ. ఇది ముమ్మారు రుజువైనట్టే కదా?"

"రుజువైనట్టే సార్."

"ఉత్తర్వు ఇలా ఇవ్వండి."

కుడిచెయ్యి ఎంగిలి కాబట్టి ఎడంచేత్తో సంతకం పెట్టారు. వసారాలో కర్రల చప్పుడు ఆగిపోయింది. నాగమణి గోడవైపు తిరిగింది. పేరంటాలుగారు నెయ్యి గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను స్కేలు విరిచేద్దామనుకున్నాను గాని అది ఇనపది.

"ఈ క్షణం నుంచి ఈ కేంద్రం మన సంస్థకి చెందదు," అన్నారు ఎం.డి. గారు.

"చెందదు సార్."

"కావున ఇచ్చట అప్పడము పొంగినచో మనకు ఎట్టి అభ్యంతరమూ ఉండదు."

లింగమూర్తిగారికి ఇదెటు పోతోందో తెలీలేదు. అయినా అన్నారు, "ఉండదు సార్."

"అమ్మా," అన్నారు ఎం.డి. గారు పేరంటాలుగారి వైపు తిరిగి, ఎన్నడూ లేని మెత్తని గొంతుతో. "ఇంకో నాలుగు వెయ్యండి. ముద్ర లేనివి."

ఆవిడ వేసింది. భోజనానికి కూర్చున్నవాడికి అప్పడం లెక్క చూడరు కదా. ఆయన తిన్నారు. మళ్ళీ వేసింది, మళ్ళీ తిన్నారు. చెయ్యి కడుక్కుని, అలవాటు ప్రకారం, "ఇంటికి ఓ రెండు కట్టలు కార్లో పెట్టించండి," అన్నారు.

పేరంటాలుగారు కట్టలు తెచ్చింది. ఇవ్వలేదు, గుండెకి ఆనించుకుని నిలబడింది.

"సంస్థోరికైతే ఊరికే ఇచ్చేదాన్నండి. ఇప్పుడు మీరు బయటోరు. మాకిది బోణీ బేరమండి. బోణీ ఊరికే ఇస్తే మళ్ళీ ఈ గడప ఎవరూ తొక్కరు."

ఎం.డి. గారు ఆ ఊళ్ళో, ఆ ఎండలో, ఇరవైమంది ఆడవాళ్ళ ఎదుట జేబులో చెయ్యి పెట్టారు. ఆవిడ నోటు అందుకుని కళ్ళకద్దుకుంది, కర్రకి తాకించింది, నాగమణికిచ్చి దాచమంది. అది చూసి డ్రైవరు ఓ కట్ట కొన్నాడు. హిమజ రెండు తీసుకుంది. లింగమూర్తిగారు అటూ ఇటూ చూసి ఒకటి చంకలో పెట్టుకున్నారు. నేనూ కొన్నాను. పుట్టి బుద్ధెరిగాక అప్పడం కొనడం నాకదే మొదలు. ఇంత సంతోషంగా ఉంటుందని తెలిస్తే ఎప్పుడో కొనేవాణ్ణి. మిగతా కేంద్రాల వాళ్ళు కొనలేదు గాని, ఒకళ్ళ చెవుల్లో ఒకళ్ళు ఏదో చెప్పుకుంటున్నారు.

చివరికి గంగిశెట్టి ముందుకొచ్చాడు. షీల్డు అరుగు మీద పెట్టేసి చేతులు కట్టుకున్నాడు.

"సార్, రేపట్నుంచి మా అప్పడం కూడా పొంగుతుందండి. ఎలాగోలా పొంగిస్తామండి. మాకూ రద్దు చేస్తారాండి?"

ఎం.డి. గారి నోట్లో అప్పడం ఉంది. దారిలో తిందామని వేయించి తీసుకున్నది. తింటూ మాట్లాడటం ఆయన హోదాకి తగదు కాబట్టి, ఆగమన్నట్టు చెయ్యెత్తారు. ఆ కరకర అయ్యేదాకా మేమంతా అలాగే నిలబడ్డాం.